పూటల లెక్క, పొట్ట లెక్క

ఒక పూట తినేవాడు యోగి, రెండు పూటలు తినేవాడు భోగి, మూడు పూటలు తినేవాడు రోగి అని మన పెద్దలు లెక్క కట్టారు. అన్నం తిన్నాక పొట్ట బిగిసిపోతోందని డాక్టరు దగ్గరికి వెళితే ఆయన అందుకు పూర్తిగా ఎదురు లెక్క చెబుతాడు. కొంచెం కొంచెంగా రోజుకు ఐదారుసార్లు తినమంటాడు. ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే, పదహారు గంటలు ఏమీ తినకుండా ఉంటే అన్ని రోగాలూ పోతాయని మరొకరు బల్లగుద్ది చెబుతుంటారు. మూడు లెక్కలూ ఒకదానితో ఒకటి పొసగవు, అయినా మూడింటిలోనూ ఒకే పొరపాటు దాగి ఉంది. మూడూ పూటల్నో గంటల్నో లెక్కపెడుతున్నాయి. పొట్టకి ఆ లెక్క రాదు. దానికి తెలిసినవి రెండే: ఇప్పుడు లోపలికి వచ్చిన బరువెంత, ఇంతకుముందు వచ్చింది కిందికి వెళ్ళిపోయిందా లేదా. తరచూ తిరగబెట్టే అజీర్తిని తిండితో అదుపు చేయాలంటే లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఎన్నిసార్లు తినాలన్నది ఆ లెక్క చివర్లో తేలే జవాబు. దాన్ని ముందే నియమంగా పెట్టుకుంటే ఎటు పట్టుకున్నా తప్పు దారే అవుతుంది.

ముందు అజీర్తి అంటే ఏమిటో తేల్చుకోవాలి. తెలుగునాట రొమ్ము ఎముక నుంచి పొత్తికడుపు దాకా ఎక్కడ ఏ బాధ కలిగినా దానికి ఒకటే పేరు, గ్యాస్. ఆ ఒక్క పేరు కింద కనీసం మూడు వేర్వేరు బాధలున్నాయి. తిన్నది పైకి ఎగదన్ని గుండెల్లో మంట పుట్టడం ఒకటి. పెద్దపేగులోని సూక్ష్మజీవులు పప్పునో పాలనో పులియబెట్టి వాయువు పుట్టించడం రెండోది. మూడోది అసలైన అజీర్తి: నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, తిన్న రెండు మూడు గంటల తర్వాత కూడా పైకడుపు బరువుగా ఉండడం, బొడ్డుకు పైన నొప్పో మంటో రావడం. ఎండోస్కోపీ చేస్తే పుండు గానీ గడ్డ గానీ కనిపించకుండానే ఈ బాధలు నెలల తరబడి వేధిస్తుంటే వైద్యులు దాన్ని ఫంక్షనల్ డిస్పెప్సియా అంటారు. అవయవం చూడ్డానికి బాగానే ఉంది, పనితీరులోనే తేడా ఉంది అని అర్థం. ఇలాంటి జబ్బుల్ని గుర్తించడానికి 2016లో ప్రకటించిన రోమ్ 4 ప్రమాణాలు దీన్ని రెండు రకాలుగా విడదీశాయి. తిన్నాక బరువు, తొందరగా కడుపు నిండడం వారానికి కనీసం 3 రోజులు ఉంటే ఒక రకం. పైకడుపు నొప్పి లేదా మంట వారానికి కనీసం ఒక రోజు ఉంటే రెండో రకం. ఏదైనా సరే, మొదలై 6 నెలలు దాటి, గత 3 నెలలుగా కొనసాగుతూ ఉండాలి. మొదటి రకానికి తెలుగులో ఎప్పటినుంచో ఒక చక్కటి మాట ఉంది, భుక్తాయాసం. పెళ్ళిభోజనం అయ్యాక అందరూ నవ్వుతూ చెప్పుకునే ఆ ఆయాసం కొందరికి మామూలు భోజనం తర్వాత కూడా, రోజూ వస్తుంది. ఇక్కడి చర్చ ముఖ్యంగా వాళ్ళ గురించే.

బతికున్న మనిషి కడుపులో అరుగుదల ఎలా సాగుతుందో వైద్యులు తీరిగ్గా చూడగలిగింది ఒక ప్రమాదం పుణ్యాన. 1822 జూన్ 6న, ఇప్పటి అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన మాకినా దీవిలో, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి అతి దగ్గర నుంచి తుపాకీ పేలి పొట్ట చీలిపోయింది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ అతణ్ణి బతికించాడు గానీ జీర్ణాశయంలోకి తెరుచుకున్న రంధ్రం పూడలేదు. ఆ రంధ్రంలోంచి బోమాంట్ ఏళ్ళ తరబడి, దారానికి కట్టిన ఆహారపు ముక్కల్ని లోపలికి దించి, కాసేపటికి పైకి లాగి చూశాడు. ఏది అరగడానికి ఎంతసేపు పట్టిందో 1833లో అచ్చయిన తన పుస్తకంలో పట్టిక వేశాడు. ఉడికించిన బియ్యానికి ఒక గంట చాలింది. కొవ్వుతో కలిపి కాల్చిన పంది మాంసానికి ఐదు గంటలు దాటింది. కోపతాపాలు వచ్చినప్పుడు అరుగుదల కుంటుపడుతుందని కూడా రాసుకున్నాడు. ఒక్క మనిషి మీద, అదీ పేదరికం వల్ల వైద్యుడి చేతికింద ఉండక తప్పని మనిషి మీద చేసిన పరిశీలనలివి. ఇవాళ్టి పరికరాలతో కొలిస్తే ఆ గంటలు మారవచ్చు. వరస మాత్రం మారలేదు. మెత్తగా ఉడికిన పిండిపదార్థం ముందు వెళుతుంది, కొవ్వు పట్టిన ముద్ద వెనకబడుతుంది.

జీర్ణాశయం చూడ్డానికి ఒకే సంచి అయినా అందులో రెండు పనులు జరుగుతాయి. పై భాగం గాదె, కింది భాగం రోలు. ముద్ద దిగుతుండగానే గాదె తనంతట తాను వదులవుతుంది. అందుకే ఖాళీగా ఉన్నప్పుడు గుప్పెడంత ఉండే సంచి, లీటరు దాకా తిండి పట్టించుకున్నా లోపలి ఒత్తిడి పెద్దగా పెరగదు. ఈ సడలింపు కుదరనివాళ్ళ సంగతేమిటన్నది 1998లో బెల్జియంలోని లూవెన్‌లో యాన్ టాక్ బృందం పరీక్షించింది. జీర్ణాశయంలోకి పల్చటి సంచిని దించి, భోజనం తర్వాత అది ఎంత విచ్చుకోగలుగుతుందో కొలిచారు. ఫంక్షనల్ డిస్పెప్సియా ఉన్నవాళ్ళలో సుమారు 40 శాతం మందికి గాదె సరిగా వదులవడం లేదని తేలింది. నాలుగు ముద్దలకే చాలనిపించే బాధ కూడా వాళ్ళలోనే ఎక్కువ. ఇంకొందరిలో గాదె బాగానే వదులవుతుంది గానీ నరాలు చిన్న ఒత్తిడికే గోలపెడతాయి. ఎదుటివాడికి కడుపు నిండిన హాయిగా తోచే ఒత్తిడి వీళ్ళకు నొప్పిగా తోస్తుంది. ఇక్కడే తక్కువగా తినడంలోని గుట్టు ఉంది. పళ్ళెం సగానికి తగ్గిస్తే బాధ కూడా లెక్క ప్రకారం సగానికి తగ్గుతుందనుకోనక్కర్లేదు. ఓర్చుకోగల ఒత్తిడికి ఒక గట్టు ఉంటుంది. గట్టు దాటితేనే వరద. దాటకుండా రెండుసార్లు పారిన నీళ్ళు ఒక్కసారి దాటిన నీళ్ళతో సమానం కావు. అదే అన్నం, అదే కూర, రెండుగా పంచి తిన్నప్పుడు రెండుసార్లూ గట్టు కిందే ఆగే అవకాశం ఉంది.

ఇక రోలు సంగతి. గట్టి ఆహారం దిగాక మొదటి ఇరవై, ముప్ఫై నిమిషాలు పేగులోకి దాదాపు ఏమీ పోదు. నిమిషానికి మూడుసార్లు చొప్పున వచ్చే కండరాల అలలు ముద్దను రుబ్బుతూ ఉంటాయి. ఒకటి రెండు మిల్లీమీటర్ల కన్నా సన్నగా నలిగిన రేణువులనే కింది ద్వారం వదులుతుంది. మిగతాది మళ్ళీ వెనక్కి, మళ్ళీ రుబ్బుడు. పేగు కూడా తనకెంత కావాలో అంతే తీసుకుంటుంది. చాలా కొలతల్లో ఇది నిమిషానికి సుమారు 2 నుంచి 4 కేలరీల మధ్య ఉంటుంది. దీన్ని గడియారంగా కాకుండా ఉజ్జాయింపుగా పట్టుకున్నా ఒక ఉపయోగకరమైన లెక్క దొరుకుతుంది. 400 కేలరీల భోజనం పొట్ట దిగడానికి గంటన్నర నుంచి మూడు గంటల పైచిలుకు పడుతుంది. 1000 కేలరీల భోజనానికి నాలుగు నుంచి ఎనిమిది గంటలు కావాలి. మధ్యాహ్నం రెండింటికి తిన్న విందు సాయంత్రం టిఫిను వేళకే కాదు, ఒక్కోసారి రాత్రి భోజనం వేళకు కూడా పొట్ట ఖాళీ చేసి ఉండదన్నమాట. ఫంక్షనల్ డిస్పెప్సియా ఉన్నవాళ్ళలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందికి ఈ ఖాళీ కావడమే మామూలు కన్నా మందకొడిగా సాగుతుంది. వాళ్ళ లెక్కలో ఇంకా ఆలస్యం కలుపుకోవాలి.

ఈ లెక్కను తారుమారు చేసేది కొవ్వు. పెద్ద చెంచాడు నూనెలో సుమారు 120 కేలరీలుంటాయి. పై లెక్క ప్రకారం అదొక్కటే పొట్ట పనిని అరగంట నుంచి గంట దాకా పొడిగించగలదు. అంతటితో ఆగదు. కొవ్వు చిన్నపేగు మొదటి భాగాన్ని తాకగానే కొలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ విడుదలై రోలును నెమ్మదించమని కబురు పంపుతుంది. గాదె మీది నరాల్ని కూడా అది మరింత సున్నితం చేస్తుంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో 20 మంది రోగులు, 21 మంది ఆరోగ్యవంతులు వారం పాటు తాము తిన్నదీ పడ్డ బాధా రాసిపెట్టారు. రోగుల్లో కడుపు బరువు కొవ్వుతో పాటు పెరిగింది, మొత్తం కేలరీలతో పాటు కూడా పెరిగింది. పిండిపదార్థాల విషయంలో అలా జరగలేదు. ఇందులో మనసు పాత్ర లేదా అంటే అదీ ఉంది. స్విట్జర్లాండ్‌లో 2003లో జరిగిన ఒక ప్రయోగంలో కొవ్వు ఎక్కువున్న పెరుగునూ తక్కువున్న పెరుగునూ ఒకసారి నిజం చెప్పి, ఒకసారి తారుమారు చేసి చెప్పి తినిపించారు. నిజంగా కొవ్వున్నది బాధపెట్టింది. కొవ్వుందని నమ్మి తిన్నది కూడా కొంత బాధపెట్టింది. ఏది తిన్నా పడదన్న భయం కూడా పళ్ళెంలో ఒక పదార్థమేనని దీన్నుంచి గ్రహించాలి. ఎందుకు గ్రహించాలో చివర్లో తెలుస్తుంది.

ఇప్పుడు డాక్టరుగారి ఐదారుసార్ల మాటకు అసలు అర్థం కనిపిస్తుంది. అది పంచుకోమనే మాట. కానీ ఆచరణలో మనం చేసేది కలుపుకోవడం. మూడు పెద్ద భోజనాలు ఎక్కడివక్కడే ఉంటాయి, వాటి మధ్య రెండు బిస్కెట్లు, టీ, గుప్పెడు మిక్చరు, సాయంత్రం నాలుగు పుణుగులు వచ్చి చేరతాయి. పూటల సంఖ్య ఆరైంది, డాక్టరు మాట విన్నట్టే ఉంటుంది. పొట్ట వైపు నుంచి చూస్తే పాత బరువు తగ్గలేదు, కొత్త బరువు కలిసింది, ఖాళీ సమయం మాయమైంది. ఆయుర్వేదం ఈ తప్పును చాలా ముందే పట్టుకుంది. ముందు తిన్నది అరగకుండానే మళ్ళీ తినడానికి అధ్యశనం అని పేరు పెట్టి దోషాల్లో చేర్చింది. చరక సంహిత విమానస్థానం కడుపును మూడు భాగాలుగా ఊహించి, ఒకటి గట్టి ఆహారానికి, ఒకటి ద్రవాలకు ఇచ్చి, మూడోది వాత పిత్త కఫాలకు వదిలేయమంటుంది. ఆ గ్రంథం చెప్పిన కారణాలు నేటి శరీరశాస్త్రం చెప్పేవి కావు. కానీ అది కొలవమన్నది పరిమాణాన్నీ విరామాన్నీ. యోగి, భోగి, రోగి సామెత కన్నా ఆ కొలత పొట్ట తీరుకు దగ్గరగా ఉంది.

కొంచెం కొంచెంగా తినడాన్ని హద్దులేకుండా సాగదీస్తే ఏమవుతుందో చరిత్రలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1915లో షికాగో వైద్యుడు బెర్ట్రమ్ సిప్పీ కడుపు పుండుకు ఒక పథ్యం ప్రకటించాడు. గంట గంటకూ పాలూ మీగడా, మధ్యలో ఆమ్లాన్ని విరిచే పొడులు. పొట్ట ఎప్పుడూ ఖాళీగా ఉండకపోతే ఆమ్లం పుండును కొరకదని ఊహ. దశాబ్దాల పాటు ఎన్నో దేశాల్లో రోగులు ఆ పథ్యం చేశారు. పాలు తాగిన క్షణం చల్లగా ఉన్నా, వాటిలోని ప్రొటీను, కాల్షియం తర్వాత ఆమ్లాన్ని మరింత ఊరిస్తాయని 1970లలో కొలిచి చూపారు. ఇక పుండుకు ముఖ్య కారకుల్లో ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా అని ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ 1980ల మొదట్లో కనిపెట్టారు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. తిండి వేళలతో అన్నీ నయం కావని సిప్పీ కథ హెచ్చరిస్తుంది. పొట్టను ఎప్పుడూ నింపి ఉంచడమే మేలన్న నమ్మకాన్ని కూడా అది దెబ్బతీస్తుంది.

విరామం కావాలనడానికి ఇంకో కారణం ఉంది. 1969లో కుక్కల పేగుల్లో స్పష్టంగా గుర్తించి, తర్వాత మనుషుల్లోనూ చూసిన ఒక కదలిక ఖాళీ కడుపులోనే పుడుతుంది. సుమారు గంటన్నర నుంచి రెండు గంటలకోసారి ఒక బలమైన అల జీర్ణాశయం నుంచి చిన్నపేగు చివరి దాకా నడుస్తుంది. రోలు నలపలేకపోయిన పీచు ముక్కల్ని, మిగిలిపోయిన రసాల్ని ఊడ్చుకుపోతుంది. సంక్రాంతి ముందు ఇల్లు దులిపినట్టు, దీన్ని పేగు చేసుకునే దులుపుడు అనవచ్చు. ఏ కాస్త తిన్నా ఆ ఊడ్పు ఆగిపోయి రుబ్బుడు మొదలవుతుంది. రోజంతా ఏదో ఒకటి నములుతూ ఉండేవాళ్ళ పేగుకు పగలు ఆ తీరిక దొరకదు. రాత్రి పదకొండుకు తిని ఉదయం ఏడుకు కాఫీ తాగేవాళ్ళకు రాత్రి కూడా సగమే దొరుకుతుంది. కాబట్టి చిన్న భోజనాల మధ్య మూడున్నర, నాలుగు గంటలు ఖాళీగా వదలాలి, మంచినీళ్ళు తప్ప. రాత్రికీ ఉదయానికీ మధ్య పదకొండు, పన్నెండు గంటలు మిగలాలి. ఆ ఎడం పాటిస్తే రోజుకు నాలుగు పూటలు పడతాయి, అంతకు మించి పట్టవు. ఎన్నిసార్లన్న ప్రశ్నకు జవాబు ఇలా లెక్క చివర్లో వచ్చింది.

ఇందుకు నిపుణుల నుంచే ఒక అభ్యంతరం రావచ్చు. బ్రిటిష్ సొసైటీ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ 2022లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఫంక్షనల్ డిస్పెప్సియాకు ఫలానా పథ్యం అని సిఫారసు చేయడానికి తగిన ఆధారాలు లేవన్నాయి, క్రమం తప్పని వ్యాయామం మాత్రం అందరికీ చెప్పమన్నాయి. మాట నిజమే. ఒకే తిండిని మూడుగా, ఐదుగా పంచి వందలాది రోగుల మీద నెలల తరబడి పోల్చి చూసిన పెద్ద ప్రయోగాల మీద ఈ సలహా నిలబడి లేదు. పొట్ట పనితీరు కొలతల మీద, రోగులు రాసిన తిండి చిట్టాల మీద నిలబడి ఉంది. అందుకే దీన్ని చికిత్సగా కాక, తక్కువ ఖర్చుతో, పెద్ద హాని లేకుండా ఎవరికి వారు చేసుకోగల పరీక్షగా చూడాలి. అయితే పక్కనే ఉన్న మరో జబ్బులో గట్టి ఆధారం ఒకటి ఉంది. చక్కెర వ్యాధి ముదిరి జీర్ణాశయం మందగించిన 56 మంది మీద స్వీడన్‌లో 20 వారాల ప్రయోగం జరిగింది. ఇట్టే మెదిగిపోయేలా మెత్తగా వండిన ఆహారం తిన్నవాళ్ళకు మామూలు సలహా పొందినవాళ్ళ కన్నా కడుపు బరువు, ఉబ్బరం, వికారం, వాంతులు తగ్గాయి. కడుపునొప్పి మాత్రం తగ్గలేదు. 2014లో వెలువడిన ఈ ఫలితం రోలు పని తగ్గిస్తే పొట్ట ఊరట పొందుతుందన్న తర్కానికి బలమిస్తోంది.

రెండో అభ్యంతరం సామెత వైపు నుంచి. తక్కువ పూటలు తినేవాళ్ళు ఆరోగ్యంగా ఉంటున్నారు కదా, లంఖణం పరమౌషధం అన్నారు కదా అని. చెక్ రాజధాని ప్రాగ్‌లో 54 మంది టైప్ 2 చక్కెర రోగుల మీద చేసి 2014లో ప్రచురించిన ప్రయోగం వాళ్ళ పక్షానే ఉంది. ఒకే మొత్తం కేలరీల్ని ఆరు చిన్న పూటలుగా తిన్నప్పటి కన్నా ఉదయం, మధ్యాహ్నం రెండే పూటలుగా తిన్నప్పుడు బరువు ఎక్కువ తగ్గింది. దీన్ని కాదనక్కర్లేదు. బరువూ చక్కెరా తగ్గించుకోవడం ఒక లక్ష్యం, భుక్తాయాసం తగ్గించుకోవడం మరో లక్ష్యం. రెండింటికీ ఒకే వేళాపట్టిక కుదరాలని లేదు. విందులో మితిమీరి తిన్న మర్నాడు ఒక పూట మానేయడం తెలివైన పనే, గాదె ఖాళీ అయ్యే దాకా ఆగడమే అది. కానీ అజీర్తి రోజూ ఉన్నవాడు రోజూ పూట మానేస్తే ఆ ఆకలంతా తర్వాతి పళ్ళెం మీదికి వచ్చి పడుతుంది. అడిలైడ్ అధ్యయనంలో రోగులు ఆరోగ్యవంతుల కన్నా తక్కువ పూటలే తిన్నారు, అయినా బాధ తప్పలేదు. చక్కెర జబ్బూ అజీర్తీ రెండూ ఉండి, ఇన్సులినో మాత్రలో వాడేవాళ్ళు వేళలు మార్చే ముందు వైద్యుణ్ణి అడిగి తీరాలి.

తెలుగు పళ్ళెం ఈ లెక్కకు ఎంతవరకు ఒదుగుతుంది? అన్నం నిందితుడు కాదు. గోధుమ, బంగాళదుంప, మొక్కజొన్న పిండిలో కొంత భాగం అరగకుండా పెద్దపేగుకు చేరి వాయువు పుట్టిస్తుందనీ, బియ్యప్పిండి దాదాపు పూర్తిగా చిన్నపేగులోనే ఇంకిపోతుందనీ శ్వాసలోని హైడ్రోజన్ కొలతలు చూపాయి. గ్యాస్ అని చెప్పి రాత్రి అన్నం మాని చపాతీకి మారేవాళ్ళు ఈ విషయం గుర్తుంచుకోవాలి. గోధుమలోని ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు పులిసి వాయువుగా మారే రకం. చక్కెర జబ్బుకు చపాతీ పనికొస్తే రావచ్చు, ఉబ్బరానికి అది మందు కాదు. మన భోజనంలో అసలు చిక్కు వరసలో ఉంది. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయతో మొదలై, వేపుడు, పులుసు, చారు మీదుగా పెరుగు దాకా ప్రతి ఆధరువుకూ మళ్ళీ అన్నం పడుతుంది. నూనె ముందే దిగి రోలును నెమ్మదిస్తుంది, అప్పటికి గాదె మీద ఇంకా మూడు వాయిల అన్నం పడాల్సి ఉంటుంది. ఈ వరసను రెండుగా తెంపడం కష్టమేమీ కాదు. ఉదయం ఎనిమిదికి రెండు మూడు ఇడ్లీలు. పన్నెండుకు ఒక కప్పు అన్నం, పప్పు, నూనె తక్కువ వేసిన కూర. నాలుగుకు, మధ్యాహ్నం తినకుండా ఆపుకున్న పెరుగన్నం. ఏడున్నరకు మళ్ళీ ఒక చిన్న భోజనం. రెండు బాక్సులు పట్టుకెళ్ళగలిగితే ఆఫీసులో కూడా ఇది సాగుతుంది. నాలుగింటి పెరుగన్నం మిర్చి బజ్జీ స్థానంలో కూర్చోవాలి, దాని పక్కన కాదు.

పళ్ళెంలోని మిగతావాటి మీద ఎక్కువ నియమాలు అక్కర్లేదు. కందిపప్పు, శనగల్లో ఉండే కొన్ని చక్కెరలు మన ఎంజైములకు లొంగవు, పెద్దపేగులో పులుస్తాయి. నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి వండితే అవి కొంత తగ్గుతాయి. దక్షిణ భారతంలో పెద్దవాళ్ళలో ఎక్కువమందికి పాలలోని చక్కెర పూర్తిగా అరగదు. పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి, పులియడంలో ఆ చక్కెర కొంత ఖర్చయిపోతుంది కాబట్టి. మెత్తగా పిసికి కలిపిన అన్నం, రాగి జావ, బాగా ఉడికిన సొరకాయ, బీరకాయ లాంటివి జ్వరపడ్డవాళ్ళకు పెట్టే తిండిగా మనకు తెలిసినవే, రోలుకు పని తగ్గించే గుణం వాటికి ఉంది. కారం సంగతి మాత్రం అనుకున్నంత సూటిగా లేదు. మిరపలోని క్యాప్సైసిన్ వేడినీ నొప్పినీ పసిగట్టే నరాల్ని రేపుతుంది, అందుకే చాలామందికి కారం తిన్న వెంటనే మంట. అయితే ఇటలీలోని బొలోన్యాలో 30 మంది డిస్పెప్సియా రోగుల్లో కొందరికి రోజుకు 2.5 గ్రాముల ఎండుమిరప పొడిని గొట్టాల్లో పెట్టి 5 వారాలు ఇస్తే వాళ్ళ బాధలు తగ్గాయి. అదే పనిగా రేపిన నరాలు మొద్దుబారతాయని వివరణ. ఇది చిన్న ప్రయోగం, గొడ్డుకారం కలుపుకోమన్న సలహాగా తీసుకోకూడదు. మిరపకాయను దోషిగా నిలబెట్టి, అది ఈదుతున్న నూనెను వదిలేయడం తెలివైన పని కాదని మాత్రం గ్రహించవచ్చు.

రాత్రి భోజనానికి వేరే లెక్క ఉంది. నిలబడి ఉన్నంతసేపూ పొట్టలోది పైకి రాకుండా భూమ్యాకర్షణ కూడా కాపలా కాస్తుంది. పడుకుంటే ఆ కాపలా పోతుంది. ఆమ్లం ఊరడం కూడా రాత్రి పొద్దుపోయాక ఎక్కువే. జపాన్ పరిశోధకులు 2005లో ప్రచురించిన పోలికలో, తిన్న మూడు గంటల లోపే పడుకునేవాళ్ళలో ఆమ్లం ఎగదన్నే జబ్బు ఉండే అవకాశం, నాలుగు గంటలు ఆ పైన ఆగేవాళ్ళతో పోలిస్తే ఏడు రెట్లకు పైగా కనిపించింది. అలవాట్లను అడిగి పోల్చిన అధ్యయనం కాబట్టి ఆ సంఖ్యను అక్షరాలా పట్టుకోనక్కర్లేదు, దిశ మాత్రం స్పష్టమే. హైదరాబాద్ ఐటీ షిఫ్టుల్లో పదకొండింటికి ఇల్లు చేరేవాళ్ళకు, అమెరికా వేళలతో మీటింగుల్లో కూర్చునేవాళ్ళకు ఏడున్నర భోజనం సాధ్యం కాదని తెలుసు. అలాంటప్పుడు వేళ మార్చలేకపోయినా బరువు మార్చవచ్చు. ముఖ్యమైన భోజనాన్ని సాయంత్రం ఆరేడింటికి పనిచోటే ముగించి, ఇంటికొచ్చాక గ్లాసుడు మజ్జిగతోనో చిన్న గిన్నెడు జావతోనో సరిపెట్టడం. అర్ధరాత్రి తలుపు తట్టే బిర్యానీ పొట్లం సరిగ్గా దీనికి ఎదురు.

ఇంత లెక్కెందుకు, పరగడుపున ఒక మాత్ర వేసుకుంటే పోదా అన్నది చివరి అభ్యంతరం. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి ఆమ్లాన్ని బాగా తగ్గిస్తాయి. పుండుకూ, ఎగదన్నే మంటకూ అవి గొప్ప మందులే. కానీ ఫంక్షనల్ డిస్పెప్సియాలో లెక్క వేరు. 2017 నాటి కోక్రేన్ సమీక్ష ప్రకారం సుమారు 11 మందికి ఇస్తే, ఉత్తుత్తి మాత్ర కన్నా అదనంగా మేలు పొందేది ఒకరు. గాదె వదులు కాకపోవడం ఆమ్లం తగ్గితే బాగయ్యే సమస్య కాదు కదా. హెలికోబాక్టర్ ఉంటే దానికి పరీక్షా, పూర్తి చికిత్సా చేయించుకోవడం మేలు, కొందరికి దానితోనే అజీర్తి పోతుంది. కీళ్ళనొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివే పొట్ట బాధకు మూలమైతే ఏ పథ్యమూ పనిచేయదు. ఇక గ్యాస్ పోవడానికని తాగే సోడా చేసేది గాదెలోకి మరింత వాయువు నింపడమే. పెద్ద త్రేన్పు వచ్చిన క్షణం హాయిగా ఉంటుంది, ఆ త్రేన్పులో బయటికి వచ్చేది ముఖ్యంగా సోడా తెచ్చిన వాయువే.

కొన్ని సందర్భాల్లో మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టాలి. కారణం లేకుండా బరువు తగ్గడం, మింగడం కష్టమవడం, ఆగని వాంతులు, నెత్తుటి వాంతి, తారులా నల్లటి విరేచనం, రక్తహీనత, నడివయసు దాటాక మొదటిసారి మొదలైన అజీర్తి, ఇంట్లో ఎవరికైనా జీర్ణాశయ క్యాన్సర్ వచ్చి ఉండడం, ఇందులో ఏ ఒక్కటున్నా ముందు వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి, పథ్యం తర్వాత. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో వచ్చే పైకడుపు బరువు, చెమటలతో, ఆయాసంతో, దవడకో చేతికో పాకే నొప్పితో వచ్చే ఉబ్బరం గుండెపోటు కావచ్చు. చక్కెర రోగుల్లో అది ఇంకా మరుగున ఉంటుంది. గ్యాసేలే అనుకుని వాము నములుతూ కూర్చున్న గంట ప్రాణం మీదికి తెస్తుంది.

ఇవేవీ లేవని తేలాక ఈ పరీక్షకు నాలుగు వారాలు చాలు. మొదటి వారం ఏమీ మార్చకుండా తిన్న వేళ, ఉజ్జాయింపు పరిమాణం, తర్వాతి బాధ ఒక నోటు పుస్తకంలో రాయాలి. రెండో వారం తిండి మొత్తం పెంచకుండా నాలుగు పూటలకు పంచాలి. మూడో వారం వేపుడు, నూనె తగ్గించాలి. నాలుగో వారం రాత్రి భోజనాన్ని ముందుకు జరపాలి. ఒకేసారి అన్నీ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. తేడా తెచ్చిన మార్పును నిలుపుకుని, తేడా తేని నియమాన్ని మొహమాటం లేకుండా వదిలేయాలి. పెరుగు ప్రయోగంలోని భయం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. పడదు, పడదు అంటూ ఒక్కొక్కటే మానేసుకుంటూ పోతే పళ్ళెం కుంచించుకుపోతుంది, ఒంట్లో బలం పోతుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది. పసిబిడ్డకు పాలు పట్టాక పొట్ట నిమురుతూ మన ఇళ్ళల్లో జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం అంటారు. అగస్త్యుడు వాతాపి అనే రాక్షసుణ్ణే అరిగించుకున్నాడు. అయితే ఆ మాట అనే తల్లి బిడ్డకు ఎన్నిసార్లు పట్టాలని గోడ మీద గీతలు గీసుకోదు. ఒక్కసారికి కొంచెమే పడుతుంది, త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుంటుంది, మళ్ళీ ఆకలికి ఏడ్చేదాకా ఆగుతుంది. అజీర్తితో వేగుతున్న పెద్దవాళ్ళ పొట్టకు కావలసిన పద్ధతి కూడా దాదాపు అంతే.